గోడ మందం

కాజీపేట రైలుకట్ట పక్కన మా బడి.
గూడ్సు బండి పోయినప్పుడల్లా
బోర్డు మీది సుద్దపొడి రాలేది.
లెక్కల సారు డబ్బాలన్నీ పోయేదాక
డస్టరు పట్టుకొని నిలబడేటోడు.

తొమ్మిదో తరగతిల
శనివారం ఆఖరి రెండు పీరియడ్లు డ్రాయింగు.
అప్పటిదాక డ్రాయింగంటే
రెండు కొండలు, నడుమ సూర్యుడు,
మా ఇండ్లల్ల ఎవలకూ లేని కొబ్బరిచెట్టు.
ఆ ఏడు ఫర్హానా టీచరొచ్చింది.
ట్రాలీ ఆటోల
ఎనిమిది సిమెంటు సంచుల చెరువు మట్టి దింపిచ్చింది.

"మట్టి పిసుకుడు ఎవలకొస్తది?"
నలభై రెండు తలకాయలు
ఒక్కసారే ఓదేలు దిక్కు తిరిగినయి.
హాజరుపట్టీల వాని ఇంటిపేరు కుమ్మరి.
వాడు కంపాసు డబ్బా తెరిచి
ఏదో పోయినట్టు దేవులాడుడు షురూ చేసిండు.

టీచరే నేర్పింది.
గోనెసంచి, గిన్నెడు నీళ్లు, తెగిన సైకిలు బ్రేకు తీగ.
"కొట్టుండ్రి, మలపుండ్రి, మళ్ల కొట్టుండ్రి.
లోపల గాలి ఉంటే అది ఊకోదు."
నేను నాలుగు దెబ్బలు కొట్టి
అయిపోయిందనుకున్న.

పాముల లెక్క పేని, చుట్టలు చుట్టి
గిన్నెలు చేసినం.
నాదాన్ని చూసి
"ఏనుగు అడుగా?" అన్నది తాహెరా.

ఓదేలు వెనుక బెంచీకి పోయి కూసున్నడు.
వాడు పాములు పేనలే.
ముద్దల బొటనవేలు దింపిండు,
ముద్ద దానంతటదే తెరుచుకున్నది,
ఎవలో పేరు పెట్టి పిలిచినట్టు.
స్టీలు సామాన్ల దుకాణంల గూడ
అసొంటి అంచు నేను చూడలే.
టీచరు ఇటు మర్రేసరికి
ఆ అంచును ఒక దిక్కు నొక్కిండు.
ఇంకో దిక్కు నొక్కిండు.
మా అందరి గిన్నెల లెక్కనే చేసిండు దాన్ని.
నేను చూసిన్నని చూసి
తల అడ్డం ఊపిండు.
నేను ఎవలకూ చెప్పలే.

వాళ్ల నాయిన సారె అమ్మి
స్టేషను ముందట ఆటో నడుపుతుండని,
పెండ్లిళ్ల ఐరేని కుండలు గూడ
మార్కెట్ల కొని, సున్నమేసి ఇస్తున్నడని
తర్వాతెప్పుడో తెలిసింది.
అప్పుడు తెల్వదు.

పది దినాలు కిటికీల ఆరబెట్టినం.
రైలు పోతే గిన్నెలన్నీ
సన్నగ ఒకదానికొకటి తాకేటియి.
భోజనం షెడ్డు వెనుక ఇటుకలు పేర్చి ఆము కట్టినం.
పిడకలు, ఊక, పాత బెంచీ కాళ్లు.
వంట చేసే లచ్చవ్వ మొగులు దిక్కు చూసి
"వాన లేదు, ముట్టియ్యుండ్రి" అన్నది.

పొద్దు గూకినంక
లోపల ఢబ్బుమన్నది.
"ఎవలిదో" అన్నది టీచరు.
నాలుగు దెబ్బలు నాకు యాదికొచ్చినయి.

సోమవారం బూడిద తీస్తే
నా గిన్నె లేదు, పెంకులున్నయి.
పోతూ పోతూ
పక్కదాన్ని గూడ నిలువున చీల్చింది.
పక్కది ఓదేలుది.

టీచరు తిట్టలే.
పెంకులన్నీ పాత పేపరు మీద పరిచి
ఎక్కడ పగిలిందో చూడుమన్నది.
నాదాని గోడ ఒకచోట వేలంత, ఒకచోట రేకంత.
నడుమ శెనగ గింజంత బొక్క.
గాలి అక్కడ కూసున్నది.

తర్వాత ఓదేలుది లేపింది.
అడుగు నుంచి అంచు దాక
పగిలిన గోడ మీద వేలు పోనిచ్చింది.
మళ్ల పోనిచ్చింది.
వంకర అంచు కింద
గోడంత ఒక్కటే మందం.
పైన నొక్కి దాచొచ్చు గని
లోపలిదాన్ని ఏం జేస్తడు?

ఆమె వాని దిక్కు చూడలే.
ఒక మనిషిని అంత జాగ్రత్తగ చూడకపోవుడు
నేను అదే మొదటిసారి చూసిన.

మళ్ల శనివారం
మట్టి సంచులన్నీ వెనుక బెంచీ కాడికి జరిపిచ్చింది.
"ఇక్కడ వెలుతురు మంచిగున్నది" అన్నది.
అక్కడ కిటికీనే లేదు.

పోయి వాని పక్కకు కూసున్న.
"సారీ రా" అన్న, గిన్నె గురించి.
"కొట్టు" అన్నడు మట్టి చూపిచ్చి.
కొట్టిన.
"మళ్ల."
గూడ్సు బండి వచ్చింది, బల్ల వణికింది,
డబ్బాలన్నీ పోయేదాక కొట్టిన.
వాడు ముద్దకు చెవి ఆనిచ్చి
"ఇంకా ఉన్నది" అన్నడు.