ఒగ్గెయ్

ఏడు రోడ్ల కూడలికి రెండు సందుల అవతల
పురుగుమందుల కొట్టు మీద గది.
మెట్లెక్కుతుంటే ముందు మందు వాసన,
తర్వాత గోరువెచ్చని నువ్వుల నూనె.

ఎక్కడ నొప్పి అని అడగలేదు దమయంతి.
"డూటీలో నీళ్లు ఎన్నిపాల్లు తాగుతావమ్మా?" అంది.

నేను భుజం చూపించడానికొచ్చాను.
పదిహేడేళ్లు, టెక్కలి డిపో.
ఎడమ భుజాన సంచీ, కుడి చెయ్యి పైన కమ్మీకి.
ఆడవాళ్లకి సున్నా టికెట్టు వచ్చినప్పట్నుంచీ
మిషను నెత్తి మీదికెత్తి
జనంలో పక్కవాటుగా ఈదుతుంటాను.
మెడ ఎడమకి తిరగడం మానేసి ఆరు నెలలు.
అటు నుంచి ఎవరు పిలిచినా
ఒళ్లంతా తిప్పాలి, ఎడ్లబండిలాగ.

నీళ్లా?
తాగితే ఎక్కడికెళ్తాను?
ఒక స్టాండులో తలుపుకి గడియ లేదు,
ఇంకో స్టాండులో తలుపే లేదు.
పొద్దున్న ఐదుకి గుక్కెడు, రాత్రి ఇంటికెళ్లాక చెంబెడు.
ఈ సంగతి డాక్టరు అడగలేదు,
డిపో మేనేజరు అడగలేదు,
మా ఆయన చిట్టిబాబు కూడా అడగలేదు.

బోర్లా పడుకోబెట్టింది.
పళ్లు బిగించాను.
ఓసారి మా ఆడపడుచు మోచేత్తో తొక్కితే
వారం లేవలేదు మరి.

దమయంతి చెయ్యి పెట్టింది.
పెట్టి, ఊరుకుంది.
కింద కొట్లో ఎవరో అప్పు బతిమాలుతున్నారు.
ఫ్యాను ఒక చుట్టుకోసారి కిర్రుమంటోంది.
చెయ్యి బరువు ఎప్పుడు పెరిగిందో మరి,
పోటు నీరు నౌపడ ఉప్పుమడిలోకి వచ్చినట్టు,
గట్టుకి కూడా చెప్పకుండా.

మా నానమ్మ బాలింతల ఒళ్లు పట్టేది, అంది.
తను విశాఖలో ఆరు నెలలు
గోడకి కట్టిన కండల పటం చదివిందట.
"తోసుకుని లోపలికెల్తే కండ తలుపేసుకుంటాది.
నువ్వు కండక్టరువి, నీకు నాను చెప్పాలేటి?
దిగేవోల్ని దిగనిచ్చి గదా ఎక్కాల."

దిగారు.
చిల్లర లేదంటే టికెట్టు నా మొహాన కొట్టిన పెద్దమనిషి,
పదకొండు రూపాయల తేడాకి వచ్చిన మెమో,
ఏడో నెల కడుపుతో నిలబడి తిరిగిన ట్రిప్పులు.
ఆఖర్న ఇంకెవరో. పేరు గుర్తు రాలేదు.
చాలాసేపు మెట్టు మీదే నిలబడ్డారు.

రెక్క కింద, ఎముక వార, ముడి.
రేగుగింజంత.
దాని మీదికి బొటనవేలు వచ్చేసరికి
నాకు తెలియకుండానే "హోల్డాన్" అన్నాను.
ఆగింది.
నా మాటకి బండి కాకుండా
ఒక మనిషి ఆగడం అదే మొదలు.

"ఊపిరెక్కడ దాచినావమ్మా?"
దాచానని నాకే తెలీదు.
"ఒగ్గెయ్."
సగం వదిలాను, సగం పట్టుకున్నాను.
"అదీ ఒగ్గెయ్. పడిపోవులే, ఇది బస్సు కాదు."

నవ్వొచ్చింది.
ఆ నవ్వులోంచే ఏడుపు, ముక్కు కొసన జారి
బల్ల కన్నంలోంచి గచ్చు మీద పడింది.
తను అటు తిరిగి
నూనె గిన్నెతో అక్కర్లేని చప్పుడేదో చేసింది.

ముడి విడిపోలేదు, అబద్ధమెందుకు.
నానేసిన చింతపండులా కాస్త మెత్తబడిందంతే.
"ఒక్కపాలికి పోదు. పదిహేడేళ్లు పెంచినావు గదా."
మూడు వందలు తీసుకుంది.
మెట్ల దాకా వచ్చి నీళ్ల సీసా చేతిలో పెట్టింది.

మర్నాడు ఏడున్నర ట్రిప్పు.
టెక్కలి దాటగానే సీసా మూత తీసి సగం తాగాను.
కోటబొమ్మాళి ఇంకా రాలేదు,
పెట్రోలు బంకు కనిపించింది, పక్కన శుభ్రమైన గది.
తలుపు రేకు మీద రెండు దెబ్బలు.

"ఇక్కడెవలమ్మా దిగేది?" లింగరాజు అద్దంలోంచి.
"నేనే."

టైమైపోతోందని వెనక ఎవరో గొణిగారు.
ఎడమ వైపు నుంచి.
తిరిగి చూశాను.
మెడ ఒక్కటే.
సగం దాకా.