ఇతరములు

అరవయ్యేళ్ళొచ్చినా బుల్లోడనే పిలిపించుకునే మావయ్యలా
దీన్నింకా కొత్త వంతెనంటారు.
కండక్టర్లూ అంతే, ఆటోవాళ్ళూ అంతే,
చివరికి మా టెండరు కాగితమూ అంతే:
"కొత్త వంతెన కూడలి, శిథిలావస్థ, అభివృద్ధి ప్రణాళిక."

తెల్లవారుజాము నాలుగున్నర.
వంతెన కింద మడతకుర్చీ, ఫ్లాస్కు, క్లిప్పుబోర్డు.
నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి. ఐదు.
పోర్టు నించి కంటైనర్లు,
ఉక్కు ఫ్యాక్టరీ ఫస్టు షిఫ్టు బస్సులు,
పాలవ్యాన్లు, నిద్రమొహం ఆటోలు.
ఒక్కోటీ నెత్తిమీంచి పోతుంటే
జాయింటు దగ్గర రెండు దెబ్బలు
టక్. టక్.
మధ్యలో రబ్బరు ఎప్పుడో అరిగిపోయింది.
స్తంభానికి చెయ్యి ఆనిస్తే
జ్వరమొచ్చిన గేదె డొక్కలా అదురుతుంది.

సముద్రం ఇక్కణ్ణించి కనబడదు.
దాని ఉప్పు మాత్రం రాత్రిళ్ళు వచ్చి
కాంక్రీటులో దూరి ఇనుముని నాకి పోతుంది.
శ్లాబు అడుగున తుప్పు చారలు,
ఎవరో కిళ్ళీ ఉమ్మినట్టు.

మా వరాహమూర్తి సారు లెక్కలో
బస్సంటే మూడు కార్లు
సైకిలంటే అర కారు.
నడిచే మనిషి ఎంత సార్?
"అది వేరే షీటు. ఈ కాంట్రాక్టులో లేదు."

ఐదూ పదికి గనగళ్ళ దేసమ్మ
హార్బరు ఆటో దిగి, నెత్తిన టబ్బుతో
గోపాలపట్నం వైపు దాటుతుంది.
నాలుగు ర్యాంపులు,
ఆపైన డివైడరు ఊచల్లో ఎవరో వంచిన సందు.
ఆ సందు ఏ డ్రాయింగులోనూ లేదు.
"ఏటి బావూ రాత్తన్నావు? నన్నూ రాసీ."
ఏ గడిలో?
చివర్న సన్నటి గడొకటుంది, ఇతరములని.
ఎడ్లబండి, తోపుడుబండి, దారి తప్పిన ఆవు.
అందులో గీత గీశాను.
కానాగంతల టబ్బు కారి
ఆమె కూడా రోడ్డు మీద సన్నటి గీతొకటి
గీసుకుంటూ పోయింది.

ఆషాఢ పున్నమి రాత్రి
పొరపాటున నాకు డ్యూటీ పడింది.
బారికేడ్లు. ఒక్క బండి లేదు.
అప్పన్న కొండ చుట్టూ తిరిగేవాళ్ళు
చెప్పుల్లేకుండా, చంకన పిల్లల్తో,
ఎక్కే ర్యాంపూ దిగే ర్యాంపూ ఒకటే చేసేసి
వస్తూనే ఉన్నారు.
స్తంభం మీద చెయ్యి వేశాను.
పడుకున్నట్టుంది.
కార్లు సున్నా. బస్సులు సున్నా.
ఇతరములు గడి చాల్లేదు.
కాగితం వెనక్కి తిప్పి గీశాను,
పెన్ను సిరా అయిపోయేదాకా.

మీటింగులో మూడు ప్రతిపాదనలు.
పైన ఇంకో అంతస్తు.
లేదా ఇటూ అటూ వెడల్పు.
లేదా జాయింట్లు మార్చి రంగు కొట్టడం.
తెర మీద ఇంకో ఇరవయ్యేళ్ళ తరవాతి కూడలి:
మొక్కలు పచ్చగా, మనుషులు తెల్లగా,
ఎవరి నెత్తిమీదా ఏమీ లేదు.
పున్నమి కాగితం చూసి సారు నవ్వారు.
"ఇది లెక్కలోకి రాదోయ్, తీసెయ్."
తీసేశాను.
అంటే, సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు టేపు పట్టుకుని
దేసమ్మ టబ్బు వెడల్పు కొలిచాను.
"కొనకుండా కొలిసేవోణ్ణి
నీనెక్కడా సూడనేదు బావూ."
రెండడుగుల మూడంగుళాలు.
మోచేతులతో కలిపి మూడున్నర.

ప్లానులో, ఊచల సందున్న చోట
పెన్సిలుతో అంత ఖాళీ వదిలాను.
అడిగితే చెరిపేయొచ్చు.
డ్రాయింగు మూడుసార్లు సవరించారు.
ఎవరూ అడగలేదు.