ళ కరువు

ఆ సామ్రాజ్యం ఎందుకు కూలిందో
నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.
చెన్నపట్నం మింట్ వీధిలో, గోనెసంచుల గోడౌను పైన,
దాన్ని అక్షరం అక్షరం పేర్చినవాణ్ణి నేను.
అదీ తలకిందులుగా.
సీసంలో గెలుపూ ఓటమీ ఒక్కలాగే ఉంటాయి,
రెండూ చల్లగా.

నెలకోసారి కృత్తివెంటి పానకాలరావు గారు
పారిస్ కార్నర్‌లో బస్సు దిగి
గొడుగులో కాగితాలు దాచుకుని తెచ్చేవారు.
ఆకుచెవులవాళ్ళ చరిత్ర.
అబద్ధం వినపడితే వణికే చెవులు.
మూడువందల ఏళ్ళు వాళ్ళ నగరంలో
తలుపుకి గడియ లేదు, సాక్షికి ప్రమాణం లేదు.
ఊడల మధ్య వేలాడే నగరం, వెలిమిన్న.
దక్షిణాన ఉప్పు తినే మనుషులు
పడవల్లో తేనె తెచ్చి కప్పం కట్టి
తల ఎత్తకుండా వెళ్ళిపోయేవాళ్ళు.

తర్వాత ఒక మంత్రి
చెవులకి బంగారు తొడుగులు చేయించుకున్నాడు.
చలికి, అన్నాడు.
మర్నాటికి కొలువంతా చలి.

ఈ ముక్క పేరుస్తూ నవ్వాను.
ఓనరు ఏకాంబర మొదలియారు కళ్ళజోడు మీంచి చూశాడు.

సరే, అది కాగితం మీది కారణం.
అసలు సంగతి వేరు.
మహారాణి పేరు ఇళాళి.
మా కేసులో ళ గడిలో ఉన్నవి అరవై ఒకటి,
అందులో పద్నాలుగు ముక్కు విరిగినవి.
పేరు ఒక్కసారి పలికితే రెండు ఖర్చు.
ఆవిడేమో ప్రతి పేజీలో పదిసార్లు పలికించుకునేది.
ఆవిడ బతికున్నన్నాళ్ళూ
ఆ రాజ్యంలో కళ్ళు లేవు, నేత్రాలే.
నీళ్ళు లేవు, జలమే.
ఇళ్ళు లేవు, గృహములు.
పానకాలరావు గారు ప్రూఫులో కొట్టేసి
మళ్ళీ కళ్ళు పెట్టేవారు,
నేను మళ్ళీ పీకేసేవాణ్ణి.

పదకొండో భాగం. అర్ధరాత్రి. తెల్లారితే ఫారం ఎక్కాలి.
గడి ఖాళీ.
మిషను మనిషి దురైక్కణ్ణు బీడీ వెలిగిస్తూ
"చంపేయమను" అన్నాడు.

పానకాలరావు గారు ఏమీ అనలేదు.
కిందికెళ్ళి టీ తాగొచ్చారు.
తొడుగులతోనే నిద్రపోయిన రాణి
అడవి అంటుకున్న చప్పుడు వినలేదు, అని
గ్యాలీ ప్రూఫు అంచున పెన్సిలుతో రాసిచ్చారు.
చెయ్యి వణికింది. నాది కాదు.

ఆవిడ పోయాకే
జనానికి కన్నీళ్ళు దొరికాయి.
పేజీన్నర పేర్చాను, ఎక్కడా తగ్గలేదు.

కావలి నుంచి, గద్వాల నుంచి ఉత్తరాలు:
రాణిని ఎందుకు చంపారు?
కాలధర్మం, అని కార్డు రాసేవారాయన.
తర్వాత ఇరవై ఆరు నెలలు
అడవి కాలుతూనే ఉంది.
వేసవిలో మా గదిలో నిజంగానే ఉడుకు.

ఆఖరి భాగం కూడా పేర్చి, పురితాడుతో బిగించి పెట్టాను.
ఆ వారమే పత్రిక మూతపడింది.
త్రాసు తెచ్చారు.
తాడు కోసేముందు వేళ్ళతో తడిమి చదివాను:
ఆకుచెవులవాళ్ళలో చివరివాడు, పదేళ్ళ పిల్లాడు,
బూడిదలో కూర్చుని తొడుగులు ఊడదీస్తాడు.
చెవులు వణుకుతాయి.
చుట్టుపక్కల మాట్లాడేవాళ్ళెవరూ లేరు.
అక్కడొక గీత. అంతే.

వాడు విన్నదేమిటో అడుగుదామనుకున్నాను.
పానకాలరావు గారు మళ్ళీ మెట్లెక్కలేదు.
సామ్రాజ్యం నూట నలభై కిలోలు తూగింది,
తాడుతో కలిపి.

ఇప్పుడు పెరంబూరులో మూడో అంతస్తు.
ఆ కథ చివరికేమైందని ఎవరైనా పాతకాలపువాళ్ళు అడిగితే
గుర్తులేదంటాను.
చెవి కొసన దురద.

చొక్కా జేబులో ఒక్క ళ మిగిలింది.
దొంగిలించాననే అనుకోండి.
బొటనవేలికి గట్టిగా నొక్కితే
తిన్నగా పడుతుంది, ఎవరైనా చదవొచ్చు.
కింద లోకల్ రైలు దాటేలోపు
చర్మం మళ్ళీ నున్నగా అయిపోతుంది.