కొన్న ధర

పర్లాకిమిడిలో, సైకిళ్ళ కొట్టు మీది మేడగదిలో
పాణిగ్రాహి సారు సుద్దముక్కతో రైలు కడతాడు:
ఏ నుంచి జెడ్ దాకా ఇరవై ఆరు పెట్టెలు.
"ఈ అయిదు, జే పది, ఓ పదిహేను,
టీ ఇరవై, వై ఇరవై అయిదు.
నిద్రలో లేపి అడిగినా చెప్పాలి" అంటాడు ఒడియాలో.
మేం తెలుగులో తలలూపుతాం.

క్యాట్‌ని డీ బీ యూ అని రాస్తే
డాగ్‌ని ఏమని రాస్తారు?
ఒక్కో గడి ముందుకు. ఈ పీ హెచ్.
నలభై సెకన్లు. దాటితే
ఆ ఉద్యోగం ఇంకెవరో బరంపురం వాడిది.
కొన్ని లెక్కల్లో అక్షరాలు ఎదురెదురుగా నిలబడతాయి,
ఏ ఎదుట జెడ్, బీ ఎదుట వై,
ఏ జంటని కూడినా ఇరవై ఏడే.
మా వీధిలో ఏ జంటా అంత కచ్చితంగా కలవదు.

నాకిది కొత్త కాదు.
బళ్ళో చేర్చిన రోజునే నన్ను మార్చి రాశారు.
వనజ లోపలికి వెళ్ళింది, బొనొజా బయటికొచ్చింది.
వ కి బ, అ కి ఒ.
గవరయ్య రేషన్ కార్డు గొబొరొయ్యాది.
బియ్యం మాత్రం ఇద్దరికీ ఒకటే తూకం.

రాత్రి నాన్న నా పుస్తకం తలకిందులుగా పట్టుకుని
"ఏటే ఇవి, చీమలబారులాగున్నాయి?" అన్నాడు.
చెప్పాను. అక్షరం బదులు ఇంకో అక్షరం,
అంకె బదులు అక్షరం.
"దీనికి కోచింగేటే?" అని నవ్వాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు నీలాద్రి శెట్టి బట్టల కొట్లో
విప్పిన మడతనే మళ్ళీ మడతపెట్టిన మనిషి.
ప్రతి చీర కొసకీ ఒక చీటీ,
దాని మీద అంకె ఉండదు, మూడక్షరాలు.
బేరమాడేవాళ్ళకి అది సిరామరక.
నాన్నకి అది నేల, అంతకన్నా దిగకూడదు.
తాళంచెవి పది అక్షరాల మాట,
శెట్టి తండ్రి కట్టింది:
కొన్న ధర పైకి చెప్పకురా.
కొ ఒకటి. న్న రెండు. ధ మూడు.
వేలి కణుపుల మీద చెప్పుకుపోయాడు
రా సున్న దాకా,
మూడో తరగతి దాటని మా నాన్న.

"ధకిరా" అన్నాను. మూడొందల అరవై.
"కొచెపై." నూట డెబ్భై అయిదు.
నా నోరు మూతపడే లోపే.

ఇప్పుడా కొట్లో గీతల చీటీలు,
టింగుమనే యంత్రం.
"నువ్వు కూర్చో కాకా" అంటాడు శెట్టి మనవడు.
ఆ మాటకి అర్థమేంటో
నాన్న ఇంకా విప్పుకుంటూనే ఉన్నాడు.

పరీక్ష ముందు రోజు
హాల్ టికెట్ కోసం ట్రంకుపెట్టె తిరగేశాను.
అడుగున అమ్మ నీలం చీర, బరంపురం పట్టు.
నా బారసాల నాటిది.
"గుమస్తా అని సగానికి సగం తగ్గించారు,
మూడొందలకే వచ్చింది" అని
అమ్మ ఇరుగుపొరుగుకి ఎన్నిసార్లు చెప్పిందో.
కొసన, పసుపు దారానికి, మాసిన చీటీ.

చెపైరా.

ఏడొందల యాభై.
అదీ కొట్టుకి పడిన ధర, లాభం వేయకముందు.
ఆ ఏడు నాన్న జీతం తొమ్మిది వందలు.

"దొరికిందేటే?" వంటింట్లోంచి అమ్మ.

తలెత్తితే గుమ్మంలో నాన్న.
చీటీకేసి చూశాడు, నాకేసి చూశాడు.
ఎన్ని సెకన్లో లెక్కపెట్టలేదు.
తాళంచెవిలో చివరి సగమే, గొణుగుతున్నట్టు పలికాడు,
ఆడపిల్లనని కాబోలు
ఆ పదింటిలో లేని అక్షరం ఒకటి వాడి:
"పైకి చెప్పకే."

చీర మడత కుదరలేదు నాకు.
ఆయనే వచ్చి పెట్టాడు, చీటీ లోపలికి వచ్చేలా.

"ఆఁ, దొరికిందమ్మా" అన్నాను.