పునాది వేస్తున్నాం

ఈ ఏడూ అదే మాటండి అధ్యక్షుల వారిది.
మైకు రెండుసార్లు తట్టి, గొంతు సవరించుకుని,
"పునాది వేస్తున్నాం. ఓపిక పట్టండి."

అయ్యా, నేను తాపీమేస్త్రీని.
నరసాపురంలో పునాదంటే ఏంటో నా మోకాళ్లకి తెలుసు.
మూడడుగులు తవ్వితే చాలు, ఊట కన్ను తెరుస్తుంది.
ఇంజను పెట్టి తోడాలి,
ఇసక పోసి, తడిపి, దిమ్మిస కొట్టి,
రాత్రి పోటుకి మళ్లీ ఊరిందేమోనని
పొద్దున్నే వేలు పెట్టి చూసుకోవాలి.
అయినా సరే, ఎంత చవిటి నేలైనా
నలభై రోజులకి గోడ మొహం కనబడుతుంది.
మీది పదకొండో ఏడు.

మొదట కేరళ కోచ్ వచ్చాడు, కుర్రాళ్లని పెంచుదామన్నాడు.
దీపావళికి ముందే బస్సెక్కించారు.
రెండో ఆయన పెద్దాళ్లు కావాలన్నాడు,
పెంచిన కుర్రాళ్లని పంపేశారు.
మూడో ఆయన మీ బావమరిది.
రొయ్యకి ఏ పూట ఎంత మేతో చెప్పగలడు గానీ
ఆఫ్‌సైడ్ అంటే ఇప్పటికీ చెరువుగట్టు దాటడమే అనుకుంటాడు.

బియ్యపుతిప్ప తిరుమాని జోజిబాబుని అమ్మేశారు.
వల విసిరినట్టు విసిరేవాడండి బంతిని, ఎడంకాలితో.
గుండ్రంగా తిరిగి ఎక్కడ పడాలో అక్కడే పడేది.
"భవిష్యత్తు కోసం అమ్మాం" అన్నారు.
మాకున్న భవిష్యత్తు వాడే కదండీ!
ఆ డబ్బుతో ఏమొచ్చింది?
చొక్కాల రంగు మారింది,
రేవు దగ్గర ఫ్లెక్సీలో మీ మొహం
ఇంకో రెండడుగులు పెరిగింది.

తూర్పు మెట్లు కట్టింది నేనే.
ఏడో మెట్టు కాస్త వాలింది, నా తప్పే, ఒప్పుకుంటాను.
అందుకే ఇన్నేళ్లుగా దాని మీదే కూర్చుంటున్నాను,
శిక్ష అనుకోండి.
బిల్లు సగం మీ దగ్గరే ఉంది, అది వేరే సంగతి.

మా చిన్నది మెర్సీ,
మీరు మొదటి పునాది వేసిన ఏడే పుట్టింది.
పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి దానికి.
ఆరో తరగతి. పంటెక్కి గోదారి దాటి
అమ్మమ్మ గారింటికి ఒక్కత్తే వెళ్లొస్తుంది.
అది ఎదిగిందండి, ఎవరూ మైకులో చెప్పకుండానే.

పాలకొల్లు వాళ్లు మొన్న నాలుగు కొట్టారు.
నాలుగోది మన గోలీ చేతుల్లోంచి
కొరమేను జారినట్టు జారింది.
ఎవరూ తిట్టలేదు. అదే భయం వేసింది నాకు.
కొల్లాటి వెంకన్న, తిట్లకి పెట్టింది పేరు,
వేరుశనగ తొక్కలు ఒక్కొక్కటీ ఏరి జేబులో వేసుకున్నాడు.

ఇంక రానన్నాను. ఏటిగట్టు మీద నిలబడి
వశిష్ఠ మీద ఒట్టేశాను.
ఆ ఏరు ఎన్ని లంకలు కోసిందో, ఎన్ని మేటలు వేసిందో,
ఒక్కసారైనా మీటింగు పెట్టిందా?

ఆదివారం గంట ముందే వెళ్లాను.
ఏడో మెట్టు నెర్రిచ్చింది కదా, చూస్తూ ఊరుకోలేక
తట్టలో కాస్త మాలు కలిపి పట్టుకెళ్లాను.
తాపీతో లాగి, మట్టం చూసి,
"తడండీ, కూర్చోకండి" అని వచ్చిన వాళ్లకల్లా చెప్పాను.
ఎవడు వింటాడు! ఎవడి చోటు వాడిదే.
రెండు సున్నా. ఓడిపోయాం.
ఇళ్లకి పోతుంటే ప్రతి లుంగీ వెనకా, ప్రతి ప్యాంటు వెనకా
బూడిదరంగు ముద్ర.

సైకిలు వెనక కూర్చుని మెర్సీ అంది:
"రెండో హాఫ్‌లో మనకో కార్నర్ వచ్చింది కదా నాన్నా."

ఆయ్. వచ్చింది.