ఆదివారం బాకీ

గొర్రెకింత అని కూలి నాది.
రోజుకు రెండువందల పది గొర్రెల ఉన్ని తీస్తాను.
ఒక్కటి తక్కువ రాసినా
సాయంత్రం మేస్త్రి హోహెపాతో పేచీయే.
అలాంటి దాన్ని
ఒక నిండు ఆదివారం తేడా వస్తే ఊరుకుంటానా?

శాంటియాగోలో శనివారం రాత్రి పదకొండింటికి ఎక్కాను.
పదమూడు గంటలు.
ఆక్లండ్‌లో దిగేసరికి సోమవారం, తెల్లవారుజాము నాలుగు.
మధ్యలోది ఏమైందని అడిగితే
పక్క సీటాయన కళ్ళు తెరవకుండానే చెప్పాడు,
సముద్రం మీద ఎక్కడో గీత ఉందిట,
దాటినవాళ్ళ దగ్గర ఒక రోజు వసూలు చేస్తుందిట.

బయల్దేరే ముందు ఎలిసేయో
బడినుంచి గ్లోబు ఎరువు తెచ్చాడు.
పీతల బుట్టలు కట్టే నైలాన్ దారం
ఒక కొస శాంటియాగో మీద బొటనవేలితో అదిమి
రెండో కొస ఆక్లండ్ దాకా లాగాడు.
ఎంత బిగించినా ఆ దారం
పటంలో గీసినట్టు తిన్నగా పోలేదు.
దక్షిణాన మంచు వైపు దిగి, మళ్ళీ పైకెక్కింది.
"చూశావా రోసెండా, వంకరే దగ్గరి దారి."
కొరికి తెంపి నా చేతిలో పెట్టాడు.
తొమ్మిదివేల ఏడువందల కిలోమీటర్లు,
జానెడు.

కబురు బుధవారం వచ్చింది.
ఆదివారం మధ్యాహ్నం మూడింటికి
జలసంధిలో గాలి తిరిగిందిట.
పడవ దొరికిందిట.
అంతే.

వేళ్ళ మీద లెక్కేశాను.
అక్కడ ఆదివారం మూడైతే
ఇక్కడ సోమవారం పొద్దున ఏడు.
నేను మొదటి గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని
మెడ దగ్గర మొదలుపెడుతున్నాను.
నాకు ఇవ్వని రోజులోకి
నన్ను అడక్కుండా ఎలా వెళ్ళాడు?

పని మానలేదు. మానితే తిరుగు టికెట్టు లేదు.
ఆ వారం నా చేతికిందికొచ్చిన గొర్రెలన్నిటికీ గాట్లే.
హోహెపా ఏమీ అనలేదు,
మందు డబ్బా తెచ్చి నా పక్కన పెట్టి పోయాడు.

ఆరు వారాలకి తిరుగు ప్రయాణం, పదకొండు గంటలే,
వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది.
ఆక్లండ్‌లో ఆదివారం సాయంత్రం ఆరింటికి ఎక్కి
శాంటియాగోలో అదే ఆదివారం
మధ్యాహ్నం ఒంటిగంటకి దిగాను.
బయల్దేరకముందే చేరిపోయాను.
పట్టుకుపోయిన రోజు తిరిగిచ్చేశారు, చెల్లుకి చెల్లు.

గొర్రె తప్పిపోతే
బదులు గొర్రెనిస్తారు మా దగ్గర కూడా.
చెవి గుర్తు మాత్రం వేరుగా ఉంటుంది.

దక్షిణానికి పోయే విమానం నాలుగింటికి,
ఇంకో మూడు గంటల ఇరవై నిమిషాలు.
గోడ మీద గడియారం మూడు చూపిస్తుంటే
దారం తీసి అరచేతి మీద పరిచాను.
వేళ్ళు వాచి ఉన్నాయి,
జాన పూర్తిగా చాపలేకపోయాను.
చిటికెన వేలు దాటి
దారం ఇంకా కొంచెం వేలాడుతోంది.