పది సంచుల ఐసు

ఫహాహీల్‌లో జూలై. కుళాయి తిప్పితే
టీపొడి వేసుకోవచ్చు.
సగానికి కోసిన వెయ్యి లీటర్ల ట్యాంకులో
లాజరు పది సంచుల ఐసు గుమ్మరించాడు,
క్రేను నడిపే అరచేతులు ఎర్రబడేలా.

మేడం ఇచ్చింది రెండు గంటలు.
తెల్ల గౌను ఎరువు, నడుం దగ్గర వదులు.

"నాకు అయిపోయిందండీ," అన్నాను వారం కిందటే.
"పెద్దాపురం లూథరన్ గుడిలో, మూడో నెలలో,
ఇత్తడి గిన్నెలోంచి మూడు చుక్కలు.
సర్టిఫికెట్టు కూడా ఉంది."
యెహెజ్కేలు పాస్టరుగారు నవ్వలేదు.
"ఇది రెండోది కాదమ్మా.
నువ్వు అడిగి తీసుకునేది, ఇదే మొదటిది."

రాత్రి గిన్నెలు తోముతుంటే ఆ మాట గుచ్చింది.
అయితే ఆ రోజు మా అమ్మ
ఉన్న ఒక్క చీరకీ గంజిపెట్టి కట్టుకుని
నన్నెత్తుకుని నిలబడ్డది దేనికి?

మెట్టు దిగాను. చీలమండలకి చలి, నెత్తిన ఎండ.
"ప్రభువును నమ్ముతున్నావా?"

అప్పుడు నా బదులు అవునన్నది అమ్మానాన్నలు.
పెళ్ళికి అవునన్నది మేనమామ.
అరబ్బీ కాగితం మీద అవునన్నది ఏజెంటు.
పదకొండేళ్ళలో ఈ దేశంలో ఎవరూ
నన్ను అడిగి, ఆగలేదు.

ఆయన ఆగాడు.
ఎవరూ దగ్గలేదు.

అవును.

వెల్లకిలా, ఆయన చేతిమీద.
లోపల ఐసు చిట్లే చప్పుడు, అంతే.

సాయంత్రం స్కార్ఫు కింద జుట్టింకా తడే.
"సముద్రానికెళ్ళావా?" అంది మేడం.

పాత సర్టిఫికెట్టు చింపలేదు.
పాస్‌పోర్టు జిరాక్సు పక్కనే పెట్టాను,
మడతలో
అమ్మ పసుపు వేళ్ళ మరక.